బిల్లులో ఉన్నది మీ ఇల్లేనా?

ప్రశ్న: కొత్తవాడలో మా తాత కట్టిన పెంకుటిల్లు మాది. ముందు గదిలో మగ్గం, వెనుక మా కాపురం. ఈసారి ఇంటి పన్ను నిరుటి కన్నా బాగా పెరిగి వచ్చింది. పాత బకాయి, దాని మీద వడ్డీ కూడా కలిపారు. బల్దియాలో తెలిసినవాళ్లతో చెప్పిస్తే తగ్గుతుందా? వేరే దారేమైనా ఉందా?
– ఒక నేత కుటుంబం, కొత్తవాడ, వరంగల్

జవాబు: చెప్పిస్తే తగ్గుతుందన్న ఆశ పక్కన పెట్టండి. ఇంటి పన్ను బిల్ కలెక్టర్ మనసును బట్టి వచ్చే మొత్తం కాదు. ఇల్లు ఎంత విస్తీర్ణం, పైకప్పు ఏ రకం, ఏ ప్రాంతం, దేనికి వాడుతున్నారు, కట్టి ఎన్నేళ్లయింది అన్న వివరాలు రిజిస్టర్‌లో రాసి ఉంటాయి. వాటి నుంచే పన్ను లెక్క పుడుతుంది. ఆ గడుల్లో ఒక్కటి తప్పు పడినా ప్రతి ఆరు నెలలకూ ఆ తప్పుకే డబ్బు కడుతూ పోతారు. దాన్ని సరిచేయిస్తే వచ్చే తగ్గింపు ఏటా నిలుస్తుంది. అందుకే మీరు మొదట అడగాల్సింది రాయితీ గురించి కాదు, మీ ఇంటి అసెస్‌మెంట్ వివరాల నకలు. బిల్లు మీద ఉన్న పీటీఐ నంబరు (ఆస్తి పన్ను గుర్తింపు సంఖ్య) రాసి, కాశిబుగ్గ సర్కిల్ కార్యాలయంలో అర్జీ ఇచ్చి, అర్జీ అందినట్టు ముద్ర వేయించుకోండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల రుసుముతో అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అమెరికాలో కూడా పన్ను ఎక్కువైందనుకున్న ఇంటి యజమాని మొదట చూసేది కౌంటీ ఆఫీసులో తన ఇంటి కొలతలు రాసి ఉన్న కార్డునే. లేని గది, లేని అంతస్తు అక్కడా దొరుకుతుంటాయి.

నకలు చేతికొచ్చాక టేపు పట్టుకుని మీరే కొలవండి. కప్పు ఉన్న ప్రతి భాగమూ, వరండాతో సహా, లెక్కలోకి వస్తుంది. ఆకాశం కనిపించే వాకిలి కట్టడం కిందికి రాదు. కొత్తవాడ లాంటి పాత పేటల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. పక్కింటివారి రేకుల షెడ్డు మీ కొలతలో కలిసే అవకాశం ఇలాంటి చోటే ఎక్కువ. తర్వాత పైకప్పు చూడండి. పెంకు, రేకు, స్లాబు మూడూ ఒకే ధర కాదు. మీ పెంకుటింటిని స్లాబు ఇల్లని రాస్తే, కొలత సరిగ్గా ఉన్నా పన్ను పెరుగుతుంది. ఇంటి వయసు కూడా ముఖ్యమే. ఇల్లు పాతబడిన కొద్దీ విలువ తగ్గించి లెక్కించడం, ఇంటికి ఎంత అద్దె వస్తుందన్న అంచనా మీద పన్ను వేసే అద్దె విలువ పద్ధతిలో ఉన్నదే. తాత కట్టిన ఇల్లు రిజిస్టర్‌లో నిన్నమొన్న కట్టినట్టు ఉంటే ఆ తరుగుదల మీకు దక్కదు. పాత కరెంటు బిల్లు, పాత పన్ను రసీదు, దస్తావేజు – వీటిలో ఏది దొరికినా వయసుకు సాక్ష్యమే. భవనానికి అనుమతి లేదని రాసి ఉంటే జరిమానా పన్ను కలుస్తుంది. బిల్లు హఠాత్తుగా పెరిగినప్పుడు ఆ గడిని తప్పక చూడాలి.

మగ్గం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ దర్రీలు చాలావరకు ఇలాంటి ముందు గదుల్లోనే పుడతాయి. బిల్లు తయారుచేసేవారికి మాత్రం ఆ గది ఇల్లా, దుకాణమా, కార్ఖానానా అన్న ప్రశ్న వస్తుంది. నివాసానికి ఒక రేటు, వ్యాపారానికి అంతకన్నా ఎక్కువ రేటు. ఒక గదిలో వ్యాపారం ఉంటే ఆ గది కొలతకే ఆ రేటు పడాలి, ఇల్లంతటికీ కాదు. మీ ఇంటిని మొత్తంగా నివాసేతరం కింద వేశారేమో చూడండి. వేసి ఉంటే, ఏ గది ఎన్ని చదరపు అడుగులు, అందులో ఏం జరుగుతుంది, మిగిలిన గదుల్లో ఎవరు ఉంటున్నారు అన్నది చిన్న పటం గీసి, పన్ను సవరించమని కోరే రివిజన్ పిటిషన్‌కు జతచేయండి. మగ్గం ఉన్న గదిని ఏ వాడకంగా రాశారో, ఏ నిబంధన ప్రకారం రాశారో రాతపూర్వకంగా చెప్పమని అడగండి. ఇంట్లోవాళ్లు నేసుకునే ఒక మగ్గాన్ని కూలీలతో నడిచే షెడ్డుతో సమానంగా చూడడం న్యాయం కాదన్నది నా గట్టి అభిప్రాయం. ఆ వాదన కూడా పిటిషన్‌లో రాయండి, మొహమాటం వద్దు.

ఇంకో లెక్క మీ దస్తావేజులోనే ఉంది. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 75 గజాల లోపు స్థలంలో గ్రౌండ్ ఫ్లోర్, దానిపై ఒక అంతస్తుకు మించకుండా కట్టుకున్న పేదల ఇళ్లకు ఏడాదికి 100 రూపాయల పన్ను అంది. మీ స్థలం ఆ లోపే అయితే, కొలత తప్పు వెతకడం కన్నా ముందు ఈ అర్హతను అడగండి. ఇది నివాసానికి ఇచ్చిన మేలు కాబట్టి మగ్గం గది ప్రశ్న ఇక్కడా ఎదురవుతుంది, పటం ఇక్కడా పనికొస్తుంది. అన్నదమ్ములు 200 గజాల ఇంటిని కాగితం మీద మూడు ముక్కలు చేసి ఈ లాభం పొందాలని చూడడం మాత్రం మంచిది కాదు. విజయవాడ చుట్టాలు చెప్పే లెక్కలు మనకు అతకవని కూడా గుర్తుంచుకోండి. ఆంధ్రప్రదేశ్ 2021 నుంచి ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేస్తోంది. అక్కడ 375 చదరపు అడుగుల లోపు ఇంటికి 50 రూపాయలు.

ఇక బకాయి, వడ్డీ. ఆలస్యానికి నెలకు 2 శాతం అంటే ఏడాదికి 24 శాతం. ఉదాహరణకు 4,000 రూపాయల పన్ను ఏడాది ఆగితే 960 రూపాయలు వడ్డీకే పోతాయి. అదే పన్నును ఏప్రిల్ నెలలోనే మొత్తం కడితే, ముందస్తు చెల్లింపు పథకం ప్రకటించిన ఏడాది 5 శాతం, అంటే 200 రూపాయలు మిగులుతాయి. ఈ రాయితీ ఆ ఏటి పన్నుకే, పాత బకాయికి రాదు. కొందరు వడ్డీ మాఫీ కోసం కాచుకుని కూర్చుంటారు. 2022లో బకాయి వడ్డీలో 90 శాతం మాఫీ చేసిన మాట నిజం. కానీ ఆ పథకం ఏ ఏడాది వస్తుందో ఎవరూ హామీ ఇవ్వరు. మాఫీ అయ్యేది వడ్డీయే, అసలు కాదు. అందుకని పిటిషన్ తేలేదాకా పన్ను ఆపకండి. కట్టండి, రసీదు దాచుకోండి, ఎక్కువ తీసుకున్నట్టు తేలితే తర్వాతి బిల్లులో సర్దుబాటు చేయమని అదే పిటిషన్‌లో కోరండి. బకాయి ఎక్కడిదో కూడా అడగండి. పాత ఇంటి నంబరు మీద ఒకటి, కొత్త నంబరు మీద ఒకటి, ఒకే ఇంటికి రెండు పద్దులు నడిస్తే, మీరు కడుతున్నది ఒకదానికే అయినా రెండోది బకాయిగా పేరుకుంటూ ఉంటుంది. తాత పేరే ఇంకా ఉంటే వారసుల పేరు మార్పిడి కూడా ఇప్పుడే చేయించుకోండి.

ప్రశ్న: తప్పుందని అర్జీ పెడితే మళ్లీ కొలిచి ఇంకా పెంచుతారని మా వాడలో భయపడుతున్నారు. పైగా అందరూ పన్ను తగ్గించుకుంటే ఊరికి మోరీలు, రోడ్లు ఎలా వస్తాయి?
– ఒక పాఠకురాలు, కొత్తవాడ

జవాబు: మొదటి భయంలో నిజం ఉంది. మళ్లీ కొలిస్తే నిరుడు వేసుకున్న పై గది కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే తప్పు సరిచేయమనే అర్జీకి ముందు మీరే కొలుచుకోమన్నాను. మీ కొలత రిజిస్టర్ కన్నా ఎక్కువ వస్తే అర్జీ మీకు లాభం కాదు. అలాగని దాచిపెట్టడం అంతకన్నా ప్రమాదం. 2019 చట్టం ఇంటి యజమాని స్వయంగా వివరాలు ధ్రువీకరించే పద్ధతి తెచ్చింది, తప్పుడు వివరాలకు 25 రెట్ల జరిమానా పెట్టింది. ఇళ్లను ఫొటోలతో, ఉపగ్రహ పటాలతో సరిపోల్చుతున్న కాలంలో పై అంతస్తు ఎన్నాళ్లు దాగుతుంది?

రెండో ప్రశ్న నాకు ఎక్కువ ముఖ్యం. 2020 ఆగస్టు వానలకు వరంగల్ కాలనీలు నీట మునిగినప్పుడు నాలాల విలువ అందరికీ తెలిసింది. నాలాకు డబ్బు కావాలి, అది పన్ను నుంచే రావాలి. కానీ పెంకుటింటిని స్లాబుగా రాసి వసూలు చేసే సొమ్ము ఆ భారాన్ని తప్పు భుజాల మీద పెడుతుంది. మూడంతస్తుల భవనాన్ని ఒక అంతస్తుగా రాసిన చోట ఆ మిగిలిన పన్ను ఎవరూ కట్టడం లేదు. రిజిస్టర్ సరిగ్గా ఉంటే ఈ రెండూ బయటపడతాయి. హైదరాబాద్ నగరపాలక సంస్థ 1999లో స్వయం మదింపు మొదలుపెట్టినప్పుడు నమ్ముకున్నది కూడా ఇదే: లెక్క ఎలా వస్తుందో జనానికి తెలిస్తే కట్టేవాళ్లు పెరుగుతారని. కాబట్టి న్యాయమైన తగ్గింపు అడగడానికి సంకోచించకండి. వాడలో పది ఇళ్లవాళ్లు కలిసి కొలుచుకుని, ఎవరి పటం వారు గీసుకుని, సోమవారం ప్రజావాణిలో ఒకేసారి అర్జీలు ఇవ్వండి. ఒకే రకం పొరపాటు పది ఇళ్లలో కనిపిస్తే అది ఒక ఇంటి తగాదాగా మిగలదు, ఆ వీధి కొలతే తప్పని తేలుతుంది. నోటీసు వచ్చి ఉంటే అందులో రాసిన గడువు దాటకముందే వెళ్లండి. వెళ్లేటప్పుడు దస్తావేజు అసలు ఇంట్లోనే ఉంచి, నకలు మాత్రమే పట్టుకెళ్లండి.