వానలో సైకిలు ప్రయాణం: కాళ్ళకు తగిన రక్షణ

బరంపురంలో చలి తీవ్రమైనది కాదు. అయితే అక్టోబరు నుండి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో ఏర్పడే వాయుగుండాలు గంజాం తీరానికి వానను, ఈదురుగాలిని కలిపి తెస్తాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ సమీపంలోనే తీరం దాటింది. తుఫాను హెచ్చరిక ఉన్న రోజున సైకిలు ప్రయాణం మానుకోవలెను. సాధారణమైన వాన రోజున మాత్రం పనికి వెళ్ళక తప్పనివారు కాళ్ళను కాపాడుకోవలెను.

తడిసిన బట్టకు గాలి తగిలితే శరీరంలోని వేడి త్వరగా హరించుకుపోతుంది. రెయిన్ ప్యాంటు దీనిని నివారిస్తుంది. కాని సైకిలు తొక్కేవారికి చెమట పడుతుంది. గాలి ఆడని ప్లాస్టిక్ ప్యాంటులో ఆ చెమటే లోపలి దుస్తులను తడుపుతుంది. కనుక దూరం వెళ్ళేవారు గాలి ఆడే రకాన్ని ఎంచుకొనుట మేలు.

కొనే ముందు ఈ క్రింది విషయాలు పరిశీలించవలెను:

1. కుట్ల వెంట లోపలివైపు టేపు అతికి ఉండవలెను. లేనిచో సూది రంధ్రాల గుండా నీరు దిగుతుంది.

2. తొడుగుకొని కూర్చున్నప్పుడు మోకాలి వద్ద బిగువు ఉండరాదు.

3. చీలమండ వద్ద బిగించే పట్టీ ఉండవలెను. సైకిలు చైను కుడివైపున ఉంటుంది. వదులు అంచు అందులో చిక్కుకొంటే పడిపోయే ప్రమాదం కలదు. పట్టీ లేనిచో రబ్బరు బ్యాండు వేసుకొనవచ్చును.

4. వెలుతురు పడితే మెరిసే పట్టీ ఉంటే, మసక వెలుతురులో వెనుక వచ్చే వాహనదారులకు కనబడుతుంది.

ఇల్లు చేరిన వెంటనే ప్యాంటును నీడలో ఆరవేయవలెను. పొయ్యి దగ్గర ఆరబెట్టరాదు.