చుట్టకుదురు చెప్పే రహస్యం

నీళ్ల బిందెను తలమీద మోసేవారు దాని కింద చుట్టకుదురు ఎందుకు పెట్టుకుంటారు? దానివల్ల బిందె బరువు ఒక్క గ్రాము కూడా తగ్గదు. పైగా కుదురు బరువు కొంత కలుస్తుంది! అయినా తల నొప్పి పుట్టదు. బరువు ఎక్కువ వైశాల్యం మీద పరుచుకుని పీడనం తగ్గిందన్నమాట.

ఇప్పుడు మీ పుస్తకాల సంచి సంగతి చూద్దాం. అది 4 కిలోలుంటే దాని భారం సుమారు 40 న్యూటన్లు. లెక్క సులువు కోసం అదంతా భుజాల మీదే పడుతుందనుకుందాం. పట్టీ వెడల్పు 2 సెం.మీ., అది భుజాన్ని తాకే పొడవు 10 సెం.మీ. రెండు పట్టీలూ వేసుకుంటే పీడనం చదరపు సెం.మీ.కు 1 న్యూటను. చాలామంది అబ్బాయిలకు సంచిని ఒకే భుజానికి తగిలించుకోవడం సరదా. అప్పుడది 2 న్యూటన్లు. 5 సెం.మీ. వెడల్పు పట్టీలు రెండూ వేసుకుంటే 0.4 న్యూటను మాత్రమే. ఒంటి భుజంతో మరో చిక్కు కూడా ఉంది. తూలిపోకుండా శరీరం రెండో పక్కకు ఒరుగుతుంది, దానితో వెన్నెముకా వంగుతుంది.

కనుక సంచి కొనేటప్పుడు దానిమీది బొమ్మను కాదు, పట్టీలను చూడండి. అవి వెడల్పుగా, మెత్తగా ఉండాలి.

ఒక లావుపాటి పుస్తకాన్ని గుండెకు ఆనించి పట్టుకోండి. తరువాత చేతులు చాచి పట్టుకోండి. కాసేపటికే చేతులు లాగుతాయి. పుస్తకం అదే, కాని భుజం నుంచి దూరం పెరిగి బలభ్రామకం పెరిగింది. వీపుకు ఎడంగా వేలాడే సంచి చేసేదీ ఇదే. అది వెనక్కు లాగుతుంటే మీరు ముందుకు వంగి నడుస్తారు. మెడ, నడుము కండరాలు అలసిపోతాయి. అందుకే బరువైన పుస్తకాలను వీపు పక్కనే సర్దాలి. సంచి నడుము కిందికి జారకుండా పట్టీలు బిగించుకోవాలి.

ఎంత సర్దినా మోయగలిగిన దానికి హద్దుంది. కేంద్ర ప్రభుత్వం 2020లో ప్రకటించిన విధానం ప్రకారం సంచి బరువు విద్యార్థి బరువులో పదోవంతు మించరాదు. మీరు 35 కిలోలుంటే సంచి మూడున్నర కిలోలు. తూకం యంత్రం మీద సంచితో ఒకసారి, సంచి లేకుండా ఒకసారి నిలబడండి. ఆ తేడాయే సంచి బరువు.

హద్దు దాటిందా? లీటరు నీళ్లే కిలో తూగుతాయి! బడిలో మంచినీళ్లుంటే ఖాళీ సీసా తీసుకెళ్లండి. ఆనాటి పాఠాలకు అక్కరలేని పుస్తకాలు ఇంట్లో ఉంచండి. అప్పటికీ తగ్గకపోతే ఆ అంకె కాగితం మీద రాసి మీ మాస్టారికి చూపించండి. భుజాల నొప్పి, చేతుల్లో తిమ్మిరి ఉంటే ఆ రోజే ఇంట్లో చెప్పండి.