అంకెల వెనుక స్వరములు



నీ ఉత్తరము అందినది. ‘సీ సిక్స్త్’ శ్రుతికి వ్రాసిన పెడల్ స్టీల్ గిటారు టాబ్లేచరును ముందుంచుకొని, అందలి అంకెలనే నీ పది తీగల ‘ఈ నైన్త్’ వాద్యముపై యథాతథముగా వాయించి, పాట ఏల పలుకలేదని అడిగితివి. ఏ తీగ, ఏ మెట్టు, ఏ పెడలు అను మూడింటిని మాత్రమే టాబ్లేచరు చేతికి చెప్పును, స్వరమేదో చెప్పదు. శ్రుతి మారిన పిమ్మట ఆ అంకెలు పరాయి ఊర వెదకు ఇంటి నంబర్లవంటివి.

కావున మొదట అంకెలను స్వరములుగా వ్రాసికొనుము. ‘సీ’ని షడ్జముగా నెంచినచో, ఆ శ్రుతిలో రెండవ తీగ మొదలు ఏడవదాని వఱకు అంతర గాంధారము, షడ్జము, చతుశ్శ్రుతి ధైవతము, పంచమము, మరల గాంధారము, షడ్జము వరుసగా నిలుచును, రిషభము లోపించిన మోహనమే యనుకొనుము. నీ వాద్యమున 4, 8 తీగలను ‘ఈ’ నుండి ‘డీ షార్పు’నకు దించు మోకాలి మీటను నొక్కి పట్టినచో, 4, 5, 6, 7, 8, 10 తీగలపై అదే వరుస ‘బీ’ షడ్జముగా నెలకొనును. ‘సీ’కంటె ‘బీ’ అర్ధస్వరము తక్కువ గనుక ప్రతి మెట్టునకు ఒకటి కూడవలెను: అచ్చట 3వ తీగ 5వ మెట్టు, ఇచ్చట 5వ తీగ 6వ మెట్టు. నడుమ నున్న తొమ్మిదవ తీగ జోలికి పోకుము. నేనొకమారు సభలో బొటనవ్రేలు జారి దానిని మీటగా, మోహనమున సాధారణ గాంధారము చొరబడి నా ముఖము ఎఱ్ఱబడినది.

చిక్కంతయు పెడళ్ళలో నున్నది. 1954లో వెబ్ పియర్స్ పాడిన ‘స్లోలీ’ జనాదరణ పొందినప్పుడు, అందులో బడ్ ఐజాక్స్ మ్రోగుచున్న తీగను పెడలుతోనే వేఱు స్వరమునకు జార్చిన తీరు విని వాద్యకారులు విస్మితులైరి. ఆ జారుడు తీగలపై నుంచు కడ్డీ జరిపిన రాదు. ఏలయన కడ్డీ కదలిన దానిక్రింది తీగలన్నియు కదలును, పెడలైనచో ఒకటి నిలిచియుండగా వేఱొకటి నడచును. ‘సీ సిక్స్త్’లోని ఏడవ పెడలు షడ్జమును రిషభమునకును, ధైవతమును కాకలి నిషాదమునకును ఎత్తును. నీ ‘ఏ’ పెడలు ఐదవ తీగపై ఆ రిషభమును చక్కగా నిచ్చును. ‘బీ’ పెడలు మాత్రము ఆరవ తీగను అర్ధస్వరమే ఎత్తి కైశికి నిషాదముకడ ఆగిపోవును. కాకలి ఒంటరిగా వచ్చు చోట పెడలు విడిచి, ఐదవ తీగనే ఒక మెట్టు వెనుక మీటుము. జారుడు పోవును, స్వరము దక్కును. అపస్వరముకంటె నాకది మేలనిపించును.

‘సీ సిక్స్త్’లోని 8, 9, 10 తీగల మంద్రము నీ వాద్యమున లేదు, అవి వచ్చిన చోట స్థాయి పెంచి వాయించుము, లేదా విడిచిపెట్టుము.

మీటలను ఒక్కొక్కరు ఒక్కొక్క తీరున కట్టించుకొందురు గనుక, నీ వాద్యమున ఏ మోకాలు ఏ తీగను దించుచున్నదో పరీక్షించి, పాట మొదటి పంక్తి క్రింద పెన్సిలుతో స్వరములు వ్రాసి, వాయించుటకు ముందే ఆ కాగితమును నాకు పంపుము.