పూత నేలయు వేడి టైరును

ఇటీవల హోసూరు, డెంకణీకోట ప్రాంతములలో క్రొత్తగా ఇండ్లు కట్టుకొనువారు కొందరు బండి నిలుపు షెడ్డు నేలకు కూడ మెరుగుపూత వేయించుచున్నారు. కర్మాగారములలో పనిచేయు తండ్రులు, అక్కడ అద్దమువలె మెరయు నేలలను దినమును చూచువారు గనుక, అట్టి నేల తమ యింటను ఉండవలెనని కోరుట సహజమే. ఆ పూతకు ఎపాక్సీ అని పేరు. వ్యయము స్వల్పము కాదు. అంత వ్యయపడి వేయించిన పూత ఏడాది తిరుగక మునుపే, సరిగా టైర్లు నిలుచు చోటనే, పట్టీలు పట్టీలుగా లేచిపోయిన యిండ్లను మేము చూచితిమి. తక్కిన నేల చెక్కు చెదరలేదు. బండి బరువునకు లేచినదని యింటివారును, టైరు మంచిది కాదని పూత వేసినవారును చెప్పుదురు. రెండు మాటలును నిలువవు.

ముందుగా బరువును లెక్కింతము. ఒక చిన్న కారు మనుష్యులతో కలిసి 1200 కిలోలు తూగునని యనుకొందము. నాలుగు చక్రములకు పంచిన ఒక్కొక్క చక్రముపై 300 కిలోలు పడును. టైరులోని గాలి యొత్తిడి చదరపు సెంటీమీటరునకు ఇంచుమించు 2 కిలోలు. 300ను 2చే భాగించిన 150 వచ్చును. అనగా టైరు నేలను తాకు చోటు 150 చదరపు సెంటీమీటర్లు. పెద్దవాని చేయి వ్రేళ్లతో సహా ఆనినంత స్థలము. ప్రతి చదరపు సెంటీమీటరుపై పడునది 2 కిలోల బరువే. ఇంటి పనులలో వాడు మామూలు కాంక్రీటు అంతే చోట 200 కిలోలను మోయగలదు. గట్టిపడిన ఎపాక్సీ అంతకంటెను బలమైనది. కావున నేరము బరువుది కాదు.

నేరము వేడిమిది. ఇనుప తీగ నొకదానిని ఒకే చోట పదిసార్లు వంచి ఆ చోటు తాకి చూడుడు, వెచ్చగా నుండును. టైరు కూడ నేలను తాకునప్పుడెల్ల కొంచెము అణగి, పైకి లేచినప్పుడు మరల గుండ్రనగును. వంచుటకై పెట్టిన శక్తి యంతయు తిరిగి రాదు. కొంత వేడిగా మారి రబ్బరులోనే నిలుచును. కృష్ణగిరి నుండి హోసూరునకు రాజమార్గముపై 50 కిలోమీటర్లు వేగముగా వచ్చిన బండి టైరు 50 మొదలు 70 డిగ్రీల వరకు వేడెక్కి యుండుట వింత కాదు. వేసవి మధ్యాహ్నమున దారియే కాలుచున్నప్పుడు ఇక చెప్పనేల?

ఇప్పుడు పూత స్వభావమును చూతము. ఎపాక్సీ రంగులవలె ఆరి గట్టిపడునది కాదు. జిగురు ఒక డబ్బాలోను, దానిని గట్టిపరచు ద్రవము వేరొక డబ్బాలోను ఉండును. రెండును కలిపినప్పుడు రసాయనచర్య జరిగి, అణువులు వలవలె అల్లుకొని ఘనమగును. 1930ల నుండి స్విట్జర్లాండులో పియర్ కాస్టానును, అమెరికాలో సిల్వన్ గ్రీన్లీయు చేసిన కృషివలన ఈ పదార్థము లోకమునకు దక్కినది. లక్కగాజులు చేయువారు లక్కను వేడిచేసి మెత్తపరచుట మీరెరుగుదురు. లక్క ఇంకను వేడిచేసిన కరగును. ఎపాక్సీ కరగదు, వల తెగదు. కాని ఒక ఉష్ణోగ్రత దాటిన పిదప ఆ వల సడలి, గాజువలె నున్న పూత తోలువలె నగును. దీనిని మనము ‘మెత్తబడు మెట్టు’ అని పిలుచుకొందము. మేము పొరుగు రాష్ట్రమున శిక్షణ పొందిన దినములలో ద్రవీభవన స్థానము, మరుగు స్థానము అని పలుమారులు వల్లించితిమి గాని ఈ మెట్టునకు తెలుగు పేరు మా చెవిని పడలేదు. అందుచే ఈ పేరు పెట్టుకొంటిమి. కొలిమిలో కాల్చక, గది వేడిమియందే గట్టిపడిన ఎపాక్సీలకు ఈ మెట్టు సాధారణముగా 45 డిగ్రీలకును 60 డిగ్రీలకును నడుమ నుండును. టైరు వేడిమితో దీనిని పోల్చి చూడుడు. రెండును ఒక్కచోటనే కలియుచున్నవి! చిక్కంతయు ఇక్కడనే యున్నది.

వేడి టైరు వచ్చి నిలిచినది. దాని క్రింది పూత మెత్తబడినది. మెత్తని పూతకు రబ్బరు గట్టిగా అంటుకొనును. రాత్రి చల్లబడునప్పుడు టైరు ముడుచుకొనును. బండిచక్రమునకు ఇనుప పట్టా తొడుగుట చూచినవారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు: కాలిన పట్టా వ్యాకోచించి చక్రముపై సులభముగా ఎక్కును, నీరు పోయగనే ముడుచుకొని కొయ్యను బిగించును. టైరు ముడుచుకొనుట అంత బలమైనది కాకపోయినను, తాను అంటుకొని యున్న పూతను ప్రక్కకు లాగుటకు చాలును. మరునాటి ఉదయము బండి కదలినప్పుడు అంటుకొన్న భాగము పైకి లాగబడును. ఇట్లు ఒకనాడు కాదు, ప్రతిదినమును జరుగును.

రబ్బరు వేరొక విధముగను చెరుపు చేయును. టైరు పగుళ్లు పట్టకుండుటకును, మెత్తగా నుండుటకును నూనెలు, రసాయనములు కలుపుదురు. వేడిమిలో అవి కొంచెము కొంచెముగా వెలికి వచ్చి పూతలోనికి ఇంకును. లేతరంగు నేలపై టైరు నిలిచిన చోట గోధుమరంగు మరక ఏర్పడుట దీనివలననే. ఆ నూనె పూతను ఇంకను మెత్తపరచును.

అయినను ఒక ప్రశ్న మిగులును. టైరు పూతను లాగును సరే. ఒక యింట పూత లేచిపోవుటయు, ప్రక్క యింట అదే పూత అదే టైరునకు లొంగకుండుటయు ఏమి? ఉత్తరము పూత క్రింద నున్నది. ఊడిన పెచ్చు నొకదానిని తీసి తిరగవేసి చూడుడు. అడుగున సిమెంటు పొడి మందముగా అంటియున్న, నేల పైపొర బలహీనమైనది. కాంక్రీటు పోసినప్పుడు నీరెక్కువ కలిపినచో సన్నని సిమెంటు పాలు పైకి తేలి, ఎండి, గట్టిలేని పెంకుగా నిలుచును. పూత ఆ పెంకును పట్టుకొనెను, పెంకు నేలను పట్టుకొనలేదు. పెచ్చు అడుగు శుభ్రముగా, నున్నగా నున్నచో పూత నేలను అసలే పట్టుకొనలేదన్నమాట. మేము చూచిన యిండ్లలో ఒకట ఇదియే జరిగినది: తాపీవారు గచ్చును అద్దమువలె రుద్దిరి, దానిపై గరుకు చేయకయే పూత వేసిరి. పెచ్చు అడుగున తడి జాడ యున్న, నేలలోని చెమ్మ ఆవిరియై పైకి త్రోసినది. ఇక పెచ్చు లేవక, పూతమీదనే టైరు అచ్చు పడియున్నచో అది పూర్తిగా గట్టిపడకముందే బండి నెక్కించిరని ఊహింపవచ్చును. వైద్యుడు నాడి చూచినట్లు పెచ్చును చూడవలెను. చూడక మరల పూత వేయించుట రూకలు పారవేయుటయే.

నేలను సిద్ధపరచుట పూత వేయుటకంటె పెద్ద పని. క్రొత్త కాంక్రీటును కనీసము 28 దినములు ఆరనీయవలెను. పిదప యంత్రముతో పైపొరను రుద్ది గరుకు చేయవలెను. నాలుగు చోట్ల నీటి చుక్కలు వేసి చూడుడు. చుక్క ముత్యమువలె నిలిచిన ఇంకను రుద్దవలెను, వెంటనే ఇంకిన నేల సిద్ధము. చెమ్మ తెలియుటకు 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ కాగితమును నాలుగంచులు అంటించి 16 గంటలైన నుంచి తీయుడు. అడుగున నీటిబొట్లున్నను, నేల నల్లబడినను పూత వేయరాదు. వానకాలమున కట్టిన షెడ్లకు ఈ పరీక్ష తప్పక చేయవలెను.

ఇక్కడ తండ్రులకొక మాట. కాంక్రీటును రుద్దినప్పుడు లేచు ధూళిలో ఇసుకరాతి సూక్ష్మకణములుండును. కృష్ణగిరి రాళ్ల పనిలో నున్న కుటుంబములకు ఆ ధూళి ఊపిరితిత్తులను ఏమి చేయునో మేము చెప్పవలసిన పని లేదు. ధూళిని పీల్చుకొను యంత్రము గాని, నీటి తడుపు గాని లేక రుద్దనీయకుడు. ముక్కునకు కట్టిన చేతిరుమాలు ఆ కణములను ఆపదు. తగిన ముసుగు ధరింపవలెను. పిల్లలు ఆ దరిదాపుల నుండరాదు. కొందరు యంత్రమునకు మారుగా పలుచని ఆమ్లముతో కడుగుదురు. నీటిలో ఆమ్లమును పోయవలెను గాని ఆమ్లములో నీటిని పోయరాదని తరగతిలో చదివినది ఇక్కడ ప్రాణమునకు సంబంధించిన మాట. ఆ ఆమ్లమును బ్లీచింగుపొడితో కలిపిన విషవాయువగు క్లోరిన్ పుట్టును.

డబ్బాపై వ్రాత ఆంగ్లమున నుండును. పనివారు తమిళమున మాటలాడుదురు. ఇంట మనమాడునది తెలుగు. ఈ మూటి నడుమ అంకెలు జారిపోవును. కావున విద్యార్థులారా, డబ్బాపై వ్రాసినది మీరు చదివి నాయనకు తెలుగున చెప్పుడు. ముఖ్యముగా మూడు సంగతులు: రెండు ద్రవముల పాలు ఎంత, కలిపిన పిదప ఎంతసేపటిలో వాడవలెను, ఎన్ని దినములకు బండి నెక్కింపవచ్చును. పాలు తప్పిన వల సరిగా అల్లుకొనదు, మెత్తబడు మెట్టు ఇంకను క్రిందికి దిగును. కలిపినది బకెట్లోనే ఉంచిన తన వేడికి తానే కాగి పొగలుకూడ వచ్చును. వెంటనే నేలపై పరచవలెను. గాలి వేడిమి 10 డిగ్రీలు పెరిగిన ఆ వ్యవధి ఇంచుమించు సగమగును, కనుక వేసవిలో ఉదయపుపని మేలు. గట్టిపరచు ద్రవము చర్మమునకు తగిలిన దద్దులు లేచును. ఒకసారి పడనివానికి జీవితాంతము పడకపోవచ్చును. చేతి తొడుగులు లేనిదే ఎవ్వరును ముట్టరాదు.

నడచుటకు ఒక దినము చాలును. బండికి సాధారణముగా 7 దినములు. పనివారు మూడవ నాడే ‘ఎక్కించుకొనుడు’ అందురు. అది వారి తొందర. షెడ్డులోనికి పడమటి యెండ పడుచున్నచో ఎపాక్సీపై ఎండకు తాళు పాలియూరిథేను పూతను మరియొకటి వేయించుట మంచిది, ఏలయన ఎపాక్సీ ఎండకు పసుపుబారును. రంగు లేతదైన వేడి తక్కువ పట్టును. వెల తక్కువయని నూనెరంగును కాంక్రీటుపై వేయుట మాత్రము మేము ఒప్పము: సిమెంటులోని క్షారము నూనెతో కలిసి సబ్బగునని రసాయనశాస్త్రమున చదివితిరి, ఆ నేల అక్షరాల సబ్బుగా మారి ఊడును.

దినచర్యలో చేయవలసినది కొంచెమే. దూరమునుండి వచ్చిన బండిని అరగంట నీడలో బయట నిలిపి, చల్లబడిన పిదప లోనికి తెండు. అది వీలుకానిచో టైర్ల క్రింద చెక్క పలకలు గాని, పాలీప్రొపిలీను పలకలు గాని పరచుడు. రబ్బరు చాప పరచిన రబ్బరుమీద రబ్బరు పెట్టినట్లే. మరక అదియు వేయును. గోనెపట్టా తడిని, నూనెను పట్టి యుంచును. నిలిచియున్న బండి చక్రములను అటునిటు త్రిప్పరాదు. మరకలను సబ్బునీటితో, నైలాను కుంచెతో కడుగుడు. పెట్రోలు తగదు, పూతకును ముప్పు, ఇంటికిని ముప్పు.

మోటారు సైకిలు విషయమున మాత్రము బరువును లెక్కింపవలెను. ప్రక్క స్టాండుపై ఒరిగినప్పుడు బరువులో కొంత నాణెమంత చోట పడును. 30 కిలోలు 5 చదరపు సెంటీమీటర్లపై పడిన ఎంతయగునో మీరే లెక్కించుడు. కారు టైరునకు మూడింతలు. వేడిగా నున్న నేలపై అది గుంట చేయును. స్టాండు క్రింద చిన్న చెక్కముక్క పెట్టుడు.

అసలు పూత అందరికి అవసరమా అన్న, కాదనియే మా అభిప్రాయము. చక్కగా పోసి, బాగుగా నీరు పట్టిన కాంక్రీటు పూత లేకయే మూడు తరములు బండ్లను మోయును. మన ప్రాంతపు గ్రానైటు బండను గరుకుగా పరచినను చాలును. కొనవలెనన్నవారు కొనుడు, కాని నేల సిద్ధపరచుటకు రూకలు మిగులనిచో పూత మానుకొనుడు. ఇప్పటికే లేచిపోయినచో, ఊడిన చోటు చుట్టును పూత గట్టిగా పట్టియున్న హద్దు వచ్చువరకు గీకి, ఆ భాగమును రుద్ది, ధూళి తీసి, చెమ్మ పరీక్ష చేసి, పిదపనే అతుకు వేయింపుడు; ఆ అతుకునకును ఏడు దినములు బండి బయటనే నిలువవలెను.