వరిచేని సాలీడు: జాతియు, నివాసమును

సాలీడును మనవారు సాలెపురుగనియే పిలుచుచున్నారు గాని శాస్త్రరీత్యా అది పురుగు కాదు. పురుగులకు ఆరు కాళ్లు, తలపై మీసములు, పెక్కింటికి రెక్కలును గలవు. సాలీటికి కాళ్లెనిమిది, మీసములు లేవు, రెక్కలు లేవు. తలయు రొమ్మును కలిసి యొక భాగము, పొట్ట వేరొక భాగము. కావున దీనికి దాయాదులు తేలును, పశువులను పట్టు పిడుదులును గాని సీతాకోకచిలుకలు కావు.

మేమిచ్చట చెప్పదలచినది వరిమళ్లలో గూడల్లు టెట్రాగ్నాథా యను ప్రజాతిని గూర్చి. ఈ గ్రీకు మాటకు నాలుగు దవడలని యర్థము. 1804లో లాట్రెయ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనికీ పేరిడెను. ఇందలి మాక్సిల్లోసా యను జాతిని 1895లో తోరెల్ వర్ణించెను. పేరు నోరు తిరుగనిదే యైనను రూపము గుర్తించుట కష్టము కాదు: సన్నని పొడుగు దేహము, అంతకంటె పొడుగు కాళ్లు, ముందుకు సాగిన పెద్ద దవడలు.

పగలు ఇది ముందరి కాళ్లు ముందుకును, వెనుక కాళ్లు వెనుకకును చాచి వరియాకు వెంబడి గీతవలె నంటుకొని యుండును. ఎదుటనున్నను కంటికానదు. ప్రొద్దు గ్రుంకువేళ దుబ్బుల నడుమ బండిచక్రమువంటి గూడల్లును. అది తరచు ఏటవాలుగనో అడ్డముగనో యుండును. నట్టనడుమ చిన్న రంధ్రముండును. నీరు నిలిచిన మడులు, కాలువగట్లు, చెరువంచుల గడ్డి దీనికి ప్రియమైన తావులు. పచ్చదీపపు పురుగులు, ఎగిరెడు సుడిదోమలు, చిన్న యీగలు, కాండము తొలుచు పురుగుయొక్క రెక్కల పురుగులును ఈ గూటిలో చిక్కును. దుబ్బు మొదట నీటియంచున గుంపుగూడిన దోమను మాత్రమిది యంతగా పట్టజాలదు. ఆ పని గూడల్లక పరుగెత్తి వేటాడు తోడేలు సాలీటిది.

నాలుగు దోమలు కానవచ్చినంతనే మందు చల్లుట నేటి వాడుక. మందుకు దోమయు చచ్చును, సాలీడును చచ్చును. అయితే సుడిదోమ తన గ్రుడ్లను ఆకుతొడుగు కండలో దాచును. అవి మందు తగులక పిల్లలగును. అప్పటికి వానిని తినువారు చేనిలో నుండరు. ఇట్లు దోమ మరల మరల విజృంభించుట చూచియే ఇండోనేషియా ప్రభుత్వము 1986లో వరిపై 57 రకముల మందులను నిషేధించెను.

సంఘపు గిడ్డంగినుండి మందు తెచ్చుకొనుటకు ముందు సభ్యులొక సాయంకాలము దీపముతో మడిలో దిగి, దోమతోపాటు సాలీళ్లను గూడ లెక్కింపవలెనని మా కోరిక. గట్లన్నియు ఒక్కనాడే చెక్కివేయక కొంత గడ్డిని విడిచినచో అవి యచ్చట తలదాచుకొనును.