ధ్రువకక్ష్యకు దారి

బంగాళాఖాతమునకును పులికాటు సరస్సునకును నడుమ శ్రీహరికోట యను దీవి కలదు. అది పూర్వము నెల్లూరు జిల్లాలోనిది. 2022 నుండి తిరుపతి జిల్లాలో చేరినది. ఉపగ్రహములను మోయు మన దేశపు రాకెట్లు ఇచ్చటినుండియే మింటి కెగయుచున్నవి. వానిలో నొకదాని తొలి యాత్ర ఓటమితో ముగిసిన తీరును, ఆ ఓటమియే గెలుపునకు మెట్టయిన తీరును తెలిసికొందము.

ఆకాశమునుండి భూమిని పరిశీలించు ఉపగ్రహమువలన ప్రయోజనము లనేకములు. కంటికి కానరాని పరారుణ కిరణములను పచ్చని పైరు మిక్కుటముగ వెనుకకు పంపును. నీరు వానిని మ్రింగివేయును. ఈ భేదమును ఉపగ్రహములోని కెమెరాలు గుర్తించును. ఏ సీమలో పైరెండినదో, వరద ఎంతమేర వ్యాపించినదో, ఏ జలాశయమున నీరెంత పరచుకొన్నదో ఆ చిత్రములవలన తెలియును. హైదరాబాదునకు సమీపమున నున్న షాద్‌నగరు కేంద్రము ఆ సమాచారము నందుకొనును.

ఇట్టి ఉపగ్రహము ధ్రువములమీదుగ ఉత్తర దక్షిణములుగా తిరుగవలెను. అది అట్లు తిరుగుచుండగా దాని క్రింద భూమి పడమటినుండి తూర్పునకు తిరుగుచుండును. కావున కొన్నిదినములలో భూమి దాదాపు అంతయు దాని చూపునకు వచ్చును.

నిత్యోపయోగమునకై మనవారు నిర్మించిన మొదటి భూపరిశీలక ఉపగ్రహము ఐ.ఆర్.ఎస్-1ఎ. అది 1988లో సోవియట్ రాకెట్టుపై వెడలినది. ఉపగ్రహము మనదే కాని వాహనము పరులది. ఈ కొరతను తీర్చుటకై శాస్త్రజ్ఞులు పి.ఎస్.ఎల్.వి. యను నాలుగంచెల రాకెట్టును నిర్మించిరి. దాని ఎత్తు 44 మీటర్లు. ఒకటవ, మూడవ అంచెలలో ఘన ఇంధనమును, రెండవ, నాలుగవ అంచెలలో ద్రవ ఇంధనమును నింపుదురు. శ్రీహరికోటనుండి తిన్నగా దక్షిణమునకు పంపినచో అది శ్రీలంక మీదుగ పోవలసివచ్చును. అందుచే మొదట ఆగ్నేయమునకు నడిపి, పిదప సముద్రముపైన దక్షిణమునకు మరల్చుదురు.

1993 సెప్టెంబరు 20వ తేదీన ఆ రాకెట్టు మొదటిసారి పయనమయ్యెను. మొదటి అంచె చక్కగా పనిచేసెను, రెండవదియు పనిచేసెను. కాని రెండవ అంచె విడిపోవు వేళ రాకెట్టు ఒక్కసారి చలించెను. అట్టి చలనమును సరిదిద్దుటకు లోపలి కంప్యూటరు ఉన్నది. కాని దాని కిచ్చిన ఆదేశములలోనే ఒక చిన్న పొరపాటు దాగియుండెను. రాకెట్టు దారి తప్పెను. ఐ.ఆర్.ఎస్-1ఇ యను ఉపగ్రహము కక్ష్యను చేరక సముద్రము పాలయ్యెను. ఎందరో పెక్కేండ్లు పడిన శ్రమ కొన్ని నిమిషములలో మునిగిపోయెను.

శాస్త్రజ్ఞులు తలలు వంచుకొని కూర్చుండలేదు, తప్పును కప్పిపుచ్చలేదు. రాకెట్టు పంపిన సంకేతములను ఒక్కొక్కటిగ పరిశీలించి, లోపమున్న చోటును కనుగొని సవరించిరి. బాగుగ పనిచేసిన భాగములేవో కూడ ఆ యాత్రయే వారికి తెలిపెను.

1994 అక్టోబరు 15వ తేదీన రాకెట్టు మరల లేచెను. ఈసారి నాలుగంచెలును వరుసగ తమ పని నెరవేర్చెను. 804 కిలోగ్రాముల ఐ.ఆర్.ఎస్-పి2 ఉపగ్రహము సుమారు 820 కిలోమీటర్ల ఎత్తున ధ్రువకక్ష్యను చేరెను. ఆ రాకెట్టు జాతియే 2008లో చంద్రయాన్-1ను మోసికొని పోయినది.

ఐనను ప్రకృతి ఎవరి కీర్తిని చూచి మన్నింపదు. 2025 మే 18వ తేదీన మూడవ అంచెలో కలిగిన లోపముచే ఇ.ఓ.ఎస్-09 అను భూపరిశీలక ఉపగ్రహము కక్ష్యను చేరలేకపోయినది. ఎన్ని విజయములు గడించినను ప్రతి ప్రయోగమును మొదటి ప్రయోగమువలెనే జాగ్రత్తతో చేయవలెను. తప్పు జరిగినపుడు దానిని దాచక వెదకి దిద్దుకొనువాడే ముందునకు సాగును. ఇది శాస్త్రజ్ఞునకే కాదు, లెక్క తప్పిన విద్యార్థికిని వర్తించును.

ప్రశ్నలు

1. భూపరిశీలక ఉపగ్రహము ధ్రువములమీదుగ ఏల తిరుగవలెను?
2. శ్రీహరికోటనుండి రాకెట్టును తిన్నగా దక్షిణమునకు ఏల పంపరు?
3. 1993లోని ఓటమినుండి శాస్త్రజ్ఞులు ఏమి నేర్చుకొనిరి?