పగులు మెత్తబడుట: గణనలో ఒక చిక్కు

సుద్దముక్కను వంచినచో ఒక్కసారిగా రెండగును. కాంక్రీటు కూడ పెళుసుదే; అయినను అది అంత తొందరపడదు. లాగుడు హద్దు మీరగానే సన్నని పగులు పుట్టును గాని, లోపలి కంకర రెండంచులను కొంతవరకు పట్టియే ఉంచును. పగులు తెరచుకొన్నకొలది ఆ పట్టు సడలును. దీనినే మెత్తబడుట అందుము. (పేరు కొంత మోసకారిది, పదార్థము మెత్తనగుట లేదు, అది భరించు ప్రతిబలము తగ్గుచున్నది.)

వస్తువును చిన్న మూలకములుగా విభజించి కంప్యూటరుచే లెక్కించుట పరిమిత మూలక పద్ధతి. మూలకములు చిన్నవైనకొలది ఫలితము సత్యమునకు చేరువగునని మనము నేర్చుకొందుము. ఇచట ఆ నమ్మకము తలక్రిందులగును. పగిలిన తరువాతి తగ్గుదలను ప్రతిబలమునకు, వికృతికి నడుమ ఒకే రేఖగా ఇచ్చినచో, పగులు అంతయు ఒక్క మూలకముల వరుసలోనే కూడుకొనును. ఆ వరుస వెడల్పును 100 మి.మీ. నుండి 50 మి.మీ.కు తగ్గించినచో, పగులుటకు వ్యయమగు శక్తియు సగమగును. ఇంకను తగ్గించుచు పోయినచో, దాదాపు శక్తియే లేకుండ దూలము విరుగునని లెక్క చెప్పును! ఎక్కువ శ్రమపడినవానికే ఎక్కువ తప్పు దొరకుట విడ్డూరము గదా.

1976లో స్వీడన్ దేశమున హిల్లర్‌బోర్గ్, ఆయన సహచరులు ప్రతిబలమును వికృతితో గాక పగులు వెడల్పుతో ముడిపెట్టిరి. కాంక్రీటు తన్యతా బలము చదరపు మి.మీ.కు 3 న్యూటన్లు, చదరపు మీటరు పగులునకు వ్యయమగు శక్తి 100 జౌళ్లు అనుకొందము. తగ్గుదల సరళరేఖయైనచో, పగులు సుమారు 0.07 మి.మీ. తెరచుకొనునప్పటికి పట్టు పూర్తిగా పోవును. 1983లో బజాంత్, ఓ అనువారు ఈ శక్తి మారకుండునట్లు మూలకపు వెడల్పును బట్టి రేఖ వాలునే సవరించిరి. 100 మి.మీ. మూలకములో ఆ తెరపు 0.0007 వికృతి, 50 మి.మీ. మూలకములో 0.0014. ఇట్లు చేసినచో, మూలకములను సగము చేసినను దూలము విరుగు భారము అంతగా మారదు.